ఇంటరప్టు ఆగిందా, ఆపారా?

సందేహం: నెట్‌వర్క్ కార్డులను నడిపించే ప్రోగ్రామ్ అయిన డ్రైవర్ కోడ్‌లో వచ్చే మార్పులను పరిశీలించడం నా పని. కొత్తగా చేరినవాళ్ల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నాను. ఇంటరప్టు అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం, హ్యాండ్లర్ అంటే ఆ పిలుపుకు స్పందించే డ్రైవర్ కోడ్. ‘హ్యాండ్లర్‌లో ఇంటరప్టు డిసేబుల్ చేయబడింది’ అని రాస్తే మా సహోద్యోగి అది తెలుగు కాదని, ‘ఇంటరప్టు ఆగింది’ అని రాయమని అన్నారు. ఏది సరి? ఇంటరప్టును ‘అంతరాయం’ అనవచ్చా? ‘ఇంటరప్ట్‌లు’ అనాలా, ‘ఇంటరప్టులు’ అనాలా?

సమాధానం: అమ్మా, మీ పనికి ఆ రెండు వాక్యాలూ పనికిరావు. ‘చేయబడింది’ ఎబ్బెట్టుగా ఉందన్న మీ సహోద్యోగి మాట నిజమే, కానీ ఆయన చెప్పిన ‘ఆగింది’తో ఇంకో చిక్కు వస్తుంది. ‘చేయబడింది’ అంటే ఎవరో చేశారని తెలుస్తుంది, ఎవరన్నదే తెలియదు. ‘ఆగింది’ అంటే అసలు ఎవరూ ఏమీ చేయలేదని, దానంతట అదే ఆగిందని అర్థం.

గ్లాసు కింద పడితే పిల్లాడు ‘పగిలింది’ అంటాడు, వాళ్లమ్మ ‘పగిలిందా, పగలగొట్టావా’ అని అడుగుతుంది. ఆగు–ఆపు, మునుగు–ముంచు, తెగు–తెంచు, ఇలాంటి జంటలు మన భాషలో బోలెడున్నాయి, ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఒకే క్రియతో సరిపెట్టే చోట మనకు రెండు ఉంటాయి. ఇంటరప్టుల విషయంలో ఆ తల్లి ప్రశ్నే అసలు ప్రశ్న.

మీ సందేహం చదివాక, ఇదే పనిలో ఉన్న మా మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని లినక్స్‌లోని రెండు ఇంటెల్ డ్రైవర్లు చదివించుకున్నాను. ఒకటి పాత ఈ1000, రెండోది పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల కోసం వచ్చిన ఈ1000ఈ. రెండింటిలోనూ ఇంటరప్టు రాగానే హ్యాండ్లర్ ముందుగా ఐసీఆర్ అనే రిజిస్టర్ (కార్డులోని చిన్న నిల్వ గడి) చదువుతుంది, ఇంటరప్టు ఎందుకు వచ్చిందో అందులో ఉంటుంది. ఆ తర్వాత ఈ1000 డ్రైవరు ఐఎంసీ అనే మరో రిజిస్టర్‌లో రాసి ఇంటరప్టులను తనే ఆపుతుంది. ఈ1000ఈ హ్యాండ్లర్‌లో ఆ రాత ఉండదు, ఎందుకంటే ఐసీఆర్ చదవగానే కార్డే వాటిని మాస్క్ చేసేస్తుంది, అంటే బయటికి పోకుండా అడ్డుకుంటుంది, ఇక్కడ ఐఎంసీ రాత అక్కర్లేదని కోడ్‌లో కామెంట్ కూడా పెట్టారు. రేపు ఎవరో ఒక మార్పు పంపి, అనవసరం అనుకుని ఐఎంసీ రాతను ఈ1000లో కూడా తీసేశారనుకోండి. రెండు డ్రైవర్లకూ మీ నోట్‌లో ‘ఇంటరప్టు ఆగింది’ అనే ఉంటే, చదివిన కుర్రాడు ఆ మార్పును సరేనని పంపించేస్తాడు, తప్పు అతనిది కాదు.

ఆపడానికి మూడో చెయ్యి కూడా ఉంది. ఒకే ఇంటరప్టు లైనును రెండు మూడు పరికరాలు పంచుకుంటున్నప్పుడు ప్రతి హ్యాండ్లరూ ‘ఇది నాది’ అనో ‘నాది కాదు’ అనో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు చెప్పాలి. అందరూ నాది కాదంటూ పోయి, లక్ష ఇంటరప్టుల్లో 99,900కు మించి దిక్కులేకుండా మిగిలితే, ‘ఎవరూ పట్టించుకోలేదు’ అనే అర్థం వచ్చే సందేశం లాగ్‌లో రాసి కెర్నల్ ఆ లైన్నే మూసేస్తుంది. దాన్నీ ‘ఆగింది’ అనే అంటే ఇక వెతికేవాడు ఎక్కడని వెతుకుతాడు?

కాబట్టి కర్తను రాయండి: కార్డు మాస్క్ చేసింది, డ్రైవరు డిసేబుల్ చేసింది, కెర్నల్ మూసేసింది. మాస్క్, డిసేబుల్ ఇంగ్లిష్ మాటలైతే అయ్యాయి, వాటికి కష్టపడి సంస్కృత పదాలు తయారు చేయనక్కర్లేదు. వాటి పక్కన ‘అయింది’ పెట్టారా, ‘చేసింది’ పెట్టారా అన్నదే తెలుగు, అక్కడ మాత్రం జాగ్రత్త పడండి.

మీరు అడగలేదు గానీ, జతచేసిన నోట్‌లో ఇంకో వాక్యం నాకు పంటి కింద రాయిలా తగిలింది: ‘పోలింగ్ ముగించి ఇంటరప్టులు ఎనేబుల్ చేస్తుంది.’ పోలింగ్ అంటే ఇంటరప్టులు ఆపి ఉంచి, వచ్చిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) డ్రైవరే విడతలుగా తీసుకోవడం. వ్యాకరణంలో దోషం లేదు. ‘ముగించి’ క్త్వార్థకం, ముందు ఇది, తర్వాత అది అని వరస చెప్తుంది, ఆ వరసా సరైనదే, తిరగబడితే పోలింగ్ ఇంకా నడుస్తుండగానే కొత్త ఇంటరప్టు వచ్చి పడుతుంది. కానీ అక్కడ వరసతో పాటు షరతు కూడా ఉంది కదా! విడతకు మామూలుగా 64 ప్యాకెట్లు హద్దు. ఆ హద్దు నిండిపోతే పని ఇంకా మిగిలి ఉన్నట్టే, కాబట్టి ముగించకూడదు. నిండకపోయినా, ముగిసిందని డ్రైవరు చెప్పినప్పుడు కెర్నల్ ఒక్కోసారి కాదంటుంది, అప్పుడు ఇంటరప్టులు తెరవకూడదు. ఈ షరతు ‘ముగించి’లో ఎక్కడా లేదు. ‘ఒప్పుకుంటే’ లాంటి షరతు చెప్పే రూపం, అంటే చేదర్థకం వాడి, దానికి ఒక్క ఏకారం తగిలించండి: ‘పోలింగ్ ముగిసిందని కెర్నల్ ఒప్పుకుంటేనే డ్రైవరు ఇంటరప్టులను మళ్లీ ఎనేబుల్ చేస్తుంది.’ ‘ఒప్పుకుంటే’కీ ‘ఒప్పుకుంటేనే’కీ తేడా మీవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు, ‘డబ్బులిస్తేనే ఇస్తా’ అన్నవాడి మాట ఎలా అర్థమవుతుందో ఇదీ అలాగే అర్థమవుతుంది.

అంతరాయం మాత్రం వద్దు. దూరదర్శన్ రోజుల్లో తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని పడేది, ఇప్పటికీ పేపర్లో ‘విద్యుత్ సరఫరాలో అంతరాయం’ అని చూస్తాం. అంతరాయం అంటే జరగాల్సింది జరగకపోవడం. నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టు పంపేదేమో ప్యాకెట్ వచ్చింది చూడమని పిలవడానికి, ప్రాసెసర్ చేతిలో పని కాసేపు పక్కన పెట్టి, అది చూసుకుని, మళ్లీ ఆ పనిలోకే వెళ్తుంది. ‘సెకనుకు వేల అంతరాయాలు’ అని రాస్తే కార్డు పాడైందనుకుంటారు.

ఇక ఆఖరి సందేహం. ఇంటరప్టు, ఇంటరప్టులు, ఇంటరప్టును అని ఉకారంతో రాయండి. బస్సు, కార్డు, లైను లాగే ఇదీ నోట్లో అలాగే పలుకుతుంది, విభక్తులు తేలిగ్గా అతుకుతాయి. ‘ఇంటరప్ట్‌లు’ తప్పు కాదు, కాకపోతే ఒకే నోట్‌లో రెండు రకాలుగా రాయకండి, తర్వాత ఆ మాట కోసం ఫైల్లో వెతికితే సగమే దొరుకుతాయి.