అద్దెకిచ్చిన ఇల్లు అమ్మాలి: ఏజెంటుకు అప్పగించాలా, మనమే అమ్ముకోవాలా?

ప్రశ్న: నా పేరు మీద ఒక ఇల్లు ఉంది. ఏడేళ్లుగా ఒకే కుటుంబం అద్దెకు ఉంటోంది. మొదట్లో పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నాం, తర్వాత మళ్లీ రాయలేదు. అద్దె మాత్రం నెలనెలా బ్యాంకులో పడుతోంది. నేనిప్పుడు వేరే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. ఒక ఏజెంటు 2 శాతం కమీషన్ అడుగుతున్నాడు. ముందు అద్దెవాళ్లను ఖాళీ చేయించమంటున్నాడు. ‘జీపీఏ ఇచ్చేయండి, మీరు తిరగక్కర్లేదు, అన్నీ నేనే చూసుకుంటా’ అంటున్నాడు. మా అల్లుడేమో కమీషన్ దండగ, మనమే అమ్ముకుందాం అంటున్నాడు. చట్ట ప్రకారం ఏజెంటు ఉండి తీరాలా? నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు చివర్లో చెప్పిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం) సంగతితోనే మొదలుపెడతాను. మిగతా వాటిలో పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు, ఇందులో జరిగితే కష్టం. ఏజెంటుకు జీపీఏ ఇవ్వకండి.

అమ్మే అధికారం రాసి, రిజిస్టర్ చేసి జీపీఏ ఇచ్చారంటే, ఆయన ఎవరికి, ఎంతకు సంతకం పెట్టినా అది మీరు పెట్టినట్టే లెక్క. ‘జీపీఏతో ఇల్లు అమ్ముడుపోదని సుప్రీంకోర్టు చెప్పింది కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో కోర్టు చెప్పింది వేరు. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన ఆ రాయించుకున్నవాడికి యాజమాన్యం రాదని చెప్పింది. అంతేగానీ, నిజమైన జీపీఏ పట్టుకుని యజమాని తరఫున మూడో మనిషికి రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేసి ఇస్తే అది చెల్లదని చెప్పలేదు. మీ భయం ఉండాల్సింది అక్కడ.

నచ్చకపోతే తర్వాత రద్దు చేసుకోవచ్చు కదా అంటారేమో. చేసుకోవచ్చు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 208 ప్రకారం, రద్దు చేసిన సంగతి తెలిసేదాకా ఏజెంటు విషయంలో అది అమల్లోకి రాదు. బయటివాళ్ల విషయంలో వాళ్లకు తెలిసేదాకా రాదు. ఆ మధ్యలో ఒక రిజిస్ట్రేషన్ జరిగిపోతే మీరు కోర్టు మెట్లెక్కాల్సిందే. ఇక ఏజెంటు మీకు కొంత డబ్బు ముట్టజెప్పి, ఆ డబ్బుకు హామీగా జీపీఏ తీసుకున్నాడంటే సెక్షన్ 202 అడ్డొస్తుంది. ఆయన సొంత ప్రయోజనం ఆస్తిలో ముడిపడి ఉంది కాబట్టి మీ ఇష్టప్రకారం రద్దు చేయడం కుదరదు. ప్రయాణం చేయలేని పరిస్థితి నిజంగా వస్తే, ఫలానా ఇల్లు, ఫలానా కొనుగోలుదారు, ఫలానా ధర అని ఖాయం చేసి, ఆ ఒక్క పనికి మాత్రమే స్పెషల్ పవర్ రాయండి. అది కూడా మీ అమ్మాయికి.

ఏజెంటు ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు నేరుగా మాట్లాడుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ రిజిస్టర్ చేసుకుంటే అమ్మకం పూర్తయినట్టే. ఏజెంట్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలనే నిబంధన కూడా రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టేవాళ్లకు. మీలాంటి పాత ఇంటి విషయంలో ఏజెంటుతో గొడవొస్తే మీకు ఆధారం మీరు రాసుకున్న కాగితమే. ఆ కాగితం సంగతికి మళ్లీ వస్తాను, ముందు మీ ఇంట్లో ఉన్నవాళ్ల గురించి మాట్లాడుకోవాలి. ఏజెంటా, సొంతంగానా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు వాళ్ల దగ్గరే ఉంది.

ఇల్లు అమ్మడానికి అద్దెవాళ్లు ఖాళీ చేయాల్సిన అవసరం లేదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 ప్రకారం, అద్దెకున్న ఇల్లు కొన్న మనిషి మీ స్థానంలోకి వచ్చేస్తాడు. అద్దె వసూలు చేసుకునే హక్కు, నోటీసు ఇచ్చే హక్కు, మీరు ఒప్పుకున్న బాధ్యతలు అన్నీ ఆయనకు వెళతాయి. దానికి అద్దెవాళ్ల అనుమతి అక్కర్లేదు. వాళ్లే కొనాలని, ముందు వాళ్లనే అడగాలని కూడా చట్టంలో లేదు. పాత అగ్రిమెంటులో ‘అమ్మేటప్పుడు మొదట మాకే ఇవ్వాలి’ అన్న షరతు ఉందేమో మాత్రం ఒకసారి తీసి చదవండి.

మరి ఏజెంటు ఖాళీ చేయించమని ఎందుకంటున్నాడు? ఆయన మాటలోనూ కొంత నిజముంది. సొంతంగా ఉండటానికి కొనేవాళ్లకు తాళం చెవి చేతికి రావాలి, అద్దెవాళ్లున్న ఇల్లంటే వెనకాడతారు. కానీ కొనేవాళ్లు ఎవరో తెలియకముందే ఖాళీ చేయిస్తే, ఎన్ని నెలలు పట్టినా ఆ అద్దె నష్టం మీదే, ఆయనది కాదు. పైగా అద్దె ఆదాయం కోసమే ఇల్లు కొనేవాళ్లూ ఉంటారు. ఏడేళ్లుగా తప్పకుండా అద్దె కట్టే కుటుంబం ఉండటం వాళ్లకు నచ్చే విషయమే. అందుకే పార్టీ దొరికాక, వాళ్లకు ఖాళీ ఇల్లు కావాలంటే, అప్పుడు గడువు పెట్టి ఖాళీ చేయించండి.

మీ అగ్రిమెంటు గడువు ఎప్పుడో తీరింది. అయినా వాళ్లు ఉంటున్నారు, మీరు అద్దె తీసుకుంటున్నారు. దీన్ని మామూలుగా నెలవారీ అద్దెగా చూస్తారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించవచ్చు. మీ ఇంటికి రెంట్ కంట్రోల్ చట్టం వర్తిస్తే మాత్రం నోటీసు ఒక్కటే చాలదు, ఆ చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఎవరేం చెప్పినా సరే, ఖాళీ చేయట్లేదని కరెంటు తీయించడం, నీళ్లు ఆపడం, తాళం మార్చడం చేయకండి. అంతవరకు మీ పక్షాన ఉన్న చట్టం అక్కడితో వాళ్ల పక్షానికి వెళ్లిపోతుంది.

నోటీసుల కంటే ముందు మాట అవసరం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు తలుపు తీయాల్సింది అద్దెవాళ్లే. ఎవరో బ్రోకర్ నోట ఇల్లు అమ్ముతున్నారని విన్న కుటుంబం ఎలా ఉంటుందో ఆలోచించండి. పిల్లల బడి, సామాను, మళ్లీ ఇల్లు వెతుక్కోవడం, అడ్వాన్స్ వెనక్కి వస్తుందా రాదా అని అంతా టెన్షన్. చూడ్డానికి వచ్చినవాళ్లతో ‘వానొస్తే ఇక్కడ కారుతుందండీ’ అని వాళ్లు ఒక్క మాట అంటే చాలు, బేరం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ఈ కబురు మీరే, మీ నోటితో చెప్పండి. అప్పుడే ‘మీరు తీసుకునే ఉద్దేశం ఉందా’ అని కూడా అడగండి. ఇంటి మంచిచెడ్డలు తెలిసినవాళ్లు, చుట్టుపక్కలకు అలవాటు పడినవాళ్లు. వాళ్లు కాకపోతే వాళ్ల బంధువుల్లో ఎవరైనా కావచ్చు. వాళ్లే కొంటే ఏజెంటు అవసరమే ఉండదు.

ఈ మాట అడగకముందే ఏజెంటుతో కాగితం రాసుకోకండి అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒకాయన నా దగ్గరికి ఒక నోటు పుస్తకం కాగితం తెచ్చారు. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: ‘పై ఇంటికి అమ్మకం కుదిరినప్పుడు మొత్తం ధరపై 2 శాతం కమీషన్ ఇవ్వగలను.’ కింద ఆయన సంతకం. పార్టీని ఎవరు తేవాలో లేదు, ఎన్నాళ్లలో తేవాలో లేదు. కుదరడమంటే మాట కుదరడమా, అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా, అదీ లేదు. చివరికి ఆ ఇల్లు కొన్నది మేడ మీద అద్దెకున్నాయనే. ఏజెంటు ఒక్కరిని కూడా తీసుకురాలేదు, కమీషన్ కోసం నోటీసు మాత్రం పంపాడు. వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు ప్రతిఫలం అడిగే హక్కు వస్తుందని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 219 చెబుతుంది. దాన్ని చూపించే వాదించాను. కానీ ఆ ఒక్క వాక్యం పుణ్యమా అని, కోర్టు దాకా వెళ్లకుండా ముగించాలంటే ఎంతో కొంత ఇచ్చుకోక తప్పలేదు.

అద్దెవాళ్లు వద్దంటే, అప్పుడు మీ అల్లుడి మాటకు వద్దాం. మీరు ఇంటికి దగ్గర్లో ఉండి, వచ్చినవాళ్లకు చూపించగలిగితే నేనూ సొంతంగానే అమ్మమనేవాణ్ని. మీరు వేరే ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేసిన ప్రతివాడు నిజంగా కొనేవాడో, ఊరికే ధర కనుక్కునేవాడో అంత దూరం నుంచి తేల్చుకోవడం కష్టం. అందుకే ఒకటి రెండు నెలలు మీరే ప్రయత్నించండి. అల్లుడుగారు సెలవు రోజుల్లో వెళ్లి చూపించగలరేమో కనుక్కోండి. కుదరకపోతే ఏజెంటును పెట్టుకోండి. అయితే పార్టీని తెచ్చి చూపించడం వరకే ఆయన పని. ధర ఒప్పుకోవడం, డబ్బు తీసుకోవడం, సంతకం పెట్టడం మీ పని. ఈ గీత చెరగకుండా ఉంటే కమీషన్ దండగ అని నేననను.

ఆ కాగితంలో ఏం ఉండాలంటే, ఆయన తెచ్చిన పార్టీ కొంటేనే కమీషన్, అదీ రిజిస్ట్రేషన్ రోజున మొత్తం సొమ్ము మీ ఖాతాలో పడ్డాకే. అద్దెవాళ్లు గానీ, మీ బంధువులు గానీ, మీరు సొంతంగా చూసుకున్నవాళ్లు గానీ కొంటే కమీషన్ లేదని విడిగా రాయాలి. తొంభై రోజులో, ఎంతో, ఒక గడువు ఉండాలి. ఆయన ఎవరిని తీసుకొచ్చినా వాళ్ల పేరు, తేదీ ఆ రోజే మీకు మెసేజ్ పెట్టాలి, లేకపోతే తర్వాత ‘వాళ్లను నేనే పంపాను’ అన్న తగువు వస్తుంది. ‘మాకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు’ అంటే ఒప్పుకోకండి. కొనేవాళ్ల దగ్గర కూడా కమీషన్ తీసుకుంటున్నాడా అని మొహమాటం లేకుండా అడిగి, ఆ జవాబు కూడా రాయించండి. ఇంకొక్క సంగతి. తానే, లేదా బావమరిది పేరు పెట్టి, మీ ఇంటిని తక్కువకు అగ్రిమెంటు రాయించుకుని పై ధరకు ఇంకొకరికి తిప్పే ఏజెంట్లున్నారు. మీకు చెప్పకుండా తన కోసమే బేరం చేసుకున్నాడని తేలితే, ముఖ్యమైన సంగతి దాచాడనో మీకు నష్టం జరిగిందనో చూపించి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 215 కింద ఆ లావాదేవీని తిరస్కరించవచ్చు, సెక్షన్ 216 కింద ఆ లాభాన్ని రాబట్టవచ్చు. నిరూపించే భారం మీ మీదే కాబట్టి, ఎంత ధర వచ్చిందో కొనేవాళ్ల నోటే వినండి.

ఒరిజినల్ డాక్యుమెంట్లు ఏజెంటు చేతికి ఇవ్వకండి. జిరాక్సులు చాలు, వాటి మీద తేదీ వేసి ‘పరిశీలన కోసం మాత్రమే’ అని అడ్డంగా రాయండి.

టోకెన్ రసీదు విషయంలో మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘ఊరికే టోకెనండీ, ఒక సంతకం పెట్టండి’ అంటారు. ఇల్లు, ధర, గడువు ఉండి మీ సంతకం ఉన్న చిన్న రసీదు కూడా అమ్మకపు ఒప్పందంగా నిలబడవచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత అలాంటి ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టు ఆదేశించడం మామూలు నియమమైంది. అమ్మకానికి పెట్టుకున్న గడువు తేదీ నుంచి, గడువు రాసుకోకపోతే మీరు కాదన్నారని వాళ్లకు తెలిసినప్పటి నుంచి, మూడేళ్ల దాకా దావా వేయవచ్చు. అంటే రేపు ఎవరో ఎక్కువ ధర ఇస్తామన్నా మీ చేతులు కట్టేసినట్టే. మా ఆఫీసుకు వచ్చే అమ్మకం తగాదాల్లో చాలా వాటికి మూలం ఇలాంటి చేతిరాత రసీదే. ఏజెంటు ఉన్నా లేకపోయినా, ఆ కాగితం సంతకానికి ముందు ఒక లాయరుకు చూపించండి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకం కోసం 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నంత సొమ్మూ పెనాల్టీగా పడవచ్చు.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు మీకిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి కడతారు, అది మీ పాన్ మీద కనబడుతుందో లేదో చూసుకోండి. ఏజెంటుకిచ్చిన కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా మీ లాభంలోంచి తీసేయవచ్చు. అందుకే అదీ బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనన్న ఏజెంటు మీకు వద్దు.

ఇక మీ దగ్గరున్న అద్దె అడ్వాన్స్. ఇల్లు అమ్మేశాను, ఇక కొత్త యజమాని చూసుకుంటాడు అనుకోకండి. సెక్షన్ 109 ప్రకారం, అద్దెవాళ్లు కొత్త యజమానినే బాధ్యుడిగా ఒప్పుకుంటే తప్ప, అమ్మినంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు. వాళ్లు అందులోనే కొనసాగుతుంటే, ఆ అడ్వాన్స్‌ను ధరలో తగ్గించి కొనేవాళ్లకు అప్పగించినట్టు, తిరిగి ఇచ్చే బాధ్యత వాళ్లదే అయినట్టు ఒక కాగితం రాసి మీరు, కొనేవాళ్లు, అద్దెవాళ్లు ముగ్గురూ సంతకాలు పెట్టండి. పాత బకాయి అద్దె ఉంటే అది కొత్త యజమానికి దానంతటదే వెళ్లదు, మీరే వసూలు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ అయిన రోజే అద్దెవాళ్లకు ఇల్లు ఫలానా వారికి అమ్మామని, వచ్చే నెల నుంచి అద్దె ఈ ఖాతాకు పంపమని ఉత్తరం ఇవ్వండి. ఆ సంగతి తెలియక వాళ్లు మీకే అద్దె పంపితే, మళ్లీ కట్టమని కొత్త యజమాని వాళ్లను అడగలేడు. ఆ డబ్బు కోసం మీ దగ్గరికే వస్తాడు. ఉత్తరం అందినట్టు రెండో ప్రతి మీద వాళ్ల సంతకం, తేదీ తీసుకుని సేల్ డీడ్ కాపీతో కలిపి మీ దగ్గర ఉంచుకోండి.