హెరాల్డు కొన్న మేనకోడలికి

నెల్లూరు

చిరంజీవి వసుధకు మామయ్య ఆశీస్సులు.

కారైకుడిలో ఎవరి ఇంటి వెనకో కొట్టంలో పడివున్న నాలుగు తలుపుల స్టాండర్డ్ హెరాల్డు కారును నువ్వు కొన్నావనీ, లారీ మీద హైదరాబాదుకు తెప్పించి మళ్లీ రోడ్డెక్కించాలని చూస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో స్పేర్ పార్టుల కౌంటరు వెనక నిలబడి జీవితం గడిపినవాణ్ణి. హెరాల్డు సరుకు అడిగేవాళ్లు రావడం మానేశాక, ఆ అరలు ఖాళీ చేసి అంబాసిడర్ సరుకూ, తరవాత మారుతి సరుకూ సర్దినవాణ్ణి. మన ఇంటి పిల్ల ఆ బండి కోసం మళ్లీ కొట్ల చుట్టూ తిరుగుతుందంటే ఎందుకు సంతోషించను? అయితే నువ్వు పంపిన ఫొటోలు చూశాక ఆ సంతోషంలో దిగులు కలిసింది. క్రీము రంగు వేయించాలా, లేత ఆకుపచ్చ వేయించాలా అని అడిగావు. సీటు కవర్ల గుడ్డ కూడా ఎంచుకున్నావు. ముందు చక్రాల వెనక ఏముందో చూపే ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస.

విప్పేముందు ప్రతిదానికీ ఫొటో తీసుకో. విప్పిన బోల్టులను ఏ చోటివి ఆ చోటికి విడి సంచుల్లో వేసి చీటీ కట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకు. ఇవి నీకు తెలిసినవే కనుక వీటి మీద ఎక్కువ రాయను.

నేను రాయదలచుకున్నది ట్రనియన్ గురించి. హెరాల్డు ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ పైకొన బాల్ జాయింటుకు బిగిసి ఉంటే, కిందికొన ట్రనియన్ అనే ఇత్తడి దిమ్మెలోకి మరతో దిగి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలోనే తిరుగుతుంది, ఆ మూల బరువును మోసేదీ ఆ మరే. దానికి కంపెనీ పుస్తకం వేయమన్నది తొంభై నంబరు గేర్ ఆయిలు. గ్రీజు వేయమని ఎక్కడా చెప్పలేదు.

నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మీ తాతయ్యకు కూడా ఒక హెరాల్డు ఉండేది. దాన్ని చూసుకునే బాధ్యత మీ పెద్దమామయ్యది. ఆయన ఎంత శ్రద్ధ గలవాడంటే, నెల తిరిగేసరికి బండిని పెట్రోలు బంకుకు తీసుకువెళ్లి, తానే పక్కన కూర్చుని, గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే ప్రతి నిపుల్‌లోనూ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టించేవాడు. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ ముందు భాగమంతా గ్రీజే కనుక, హెరాల్డుకూ అంతేనని ఆయనా అనుకున్నాడు, బంకులో కుర్రవాడూ అనుకున్నాడు. చూసినవాళ్లందరూ బండిని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడని మెచ్చుకునేవారు. గ్రీజు చిక్కగా ఉండటం వల్ల మర అడుగుదాకా దిగదు. దిగిన కాస్తా ఎండి గట్టిపడుతుంది. వానాకాలంలో చేరిన నీళ్లు దాని కింద నిలిచి ఉక్కు మరను తింటూ ఉంటాయి. పైకి చూస్తే మాత్రం గ్రీజుతో నిగనిగలాడుతూ దివ్యంగా కనబడుతుంది.

1976 వేసవిలో తిరుపతికి బయలుదేరాము. నాయుడుపేట దగ్గర మద్రాసు రోడ్డు వదిలి శ్రీకాళహస్తి వైపు మళ్లడానికి పెద్దమామయ్య వేగం బాగా తగ్గించి స్టీరింగు పూర్తిగా తిప్పాడు. టప్పుమని ఒక శబ్దం వినిపించింది. ముందు ఎడమ చక్రం బండి కిందికి మడతపడి, ఆ మూల నేలను తాకి, బండి ఉన్నచోటనే ఆగిపోయింది. మీ అమ్మ అప్పటికి పరికిణీ కట్టే పిల్ల. ముందు సీట్లో కూర్చుంటానని మారాం చేసి కూర్చుంది. డాష్‌బోర్డు తగిలి కనుబొమ్మ చీలింది. ఉయ్యాల మీంచి పడ్డానని ఆమె నీకు చెప్పిన మచ్చ అదే. పెద్దమామయ్య ముందు ఆ మాట ఎత్తితే ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినేవాడు కాదు. అందుకని ఉయ్యాల కథను ఇంట్లో అందరమూ కలిసి నిలబెట్టాము. ఆయన ఇప్పుడు లేడు కనుక చెబుతున్నాను.

నేనప్పుడు కౌంటరులో కొత్తగా చేరాను. విరిగిన ముక్కను కాగితంలో చుట్టి మద్రాసు తీసుకువెళ్లి మా పెద్ద గుమాస్తాకు చూపించాను. ఆయన దాన్ని కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో పట్టుకుని చూడమన్నాడు. విరిగిన ముఖంలో చాలా భాగం తుప్పుపట్టి నల్లగా ఉంది. ఒక అంచున కొద్ది భాగం మాత్రమే కొత్తగా తెల్లగా మెరుస్తోంది. నల్లటి భాగం ఎప్పటినుంచో పగిలి ఉందనీ, ఆ రోజు తెగింది తెల్లటి అంచు మాత్రమేననీ ఆయన వివరించాడు. మేము ఎన్ని నెలలు ఆ అంచు మీద తిరిగామో! అదే చక్రం హైవే మీద వేగంగా పోతున్నప్పుడు మడతపడి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడూ ఉండడు, అందుకునే నువ్వూ ఉండవు.

కాబట్టి రంగు సంగతి పక్కన పెట్టి, ముందుగా రెండు చక్రాలూ తీయించు. ట్రనియన్‌ను కడ్డీ నుంచి పూర్తిగా విప్పించి, మరను కిరసనాయిలుతో కడిగించి, గుంటలు పడిందేమో నీ కళ్లతో చూడు. గుంటలు కనబడితే ఆ కడ్డీని పక్కన పడెయ్యి. కనబడకపోయినా రంగు ద్రావకం పూసి పగుళ్లు చూసే పరీక్ష చేయించు. ఎడమ, కుడి ట్రనియన్లు ఒకటి కావు, వాటి మరలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. సంచులు కలిపేశావంటే మెకానిక్ బలవంతంగా ఎక్కించి రెండూ చెడగొడతాడు. తిరిగి బిగించేటప్పుడు చివరిదాకా తిప్పి, స్టీరింగు రెండు వైపులా ఆగేదాకా తిరిగేంత మేరకు కొద్దిగా వెనక్కి రావాలి. ఆ తరవాత గేర్ ఆయిలు నింపించు. కాస్త కారి చక్రం లోపలి వైపు తడిగా కనిపిస్తే కంగారుపడకు, అది దాని స్వభావం. స్థానికంగా లేత్ మీద ఇత్తడి ట్రనియన్ చేసిపెడతామని ఎవరైనా అంటే చేతులెత్తి నమస్కారం పెట్టి వచ్చెయ్యి. ఆ ఒక్కటీ ఇంగ్లండు నుంచి తెప్పించుకో. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంగ్లీషు కారుకూ అదే అమరిక కావడం వల్ల అక్కడ అవి ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి.

ఇక పార్టుల వేట. దీని గురించి మాట్లాడటం నాకు ఇష్టమైన పని, కొంచెం ఓపిక పట్టు. 1959లో మన స్టాండర్డ్ హెరాల్డుకు మూలమైన ట్రయంఫ్ హెరాల్డు వచ్చేనాటికి ఇంగ్లండులో తక్కిన కంపెనీలు చాసిస్ అనే అడుగు చట్రం, బాడీ ఒకటిగా కట్టడానికి మళ్లాయి. స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్లకు బాడీలు చేసిచ్చే సంస్థ పోటీదారు చేతికి పోవడంతో, వాళ్లు బాడీని ముక్కలుగా చేయించి విడి చాసిస్ మీద బోల్టులతో బిగించుకున్నారు. 1961 నుంచి మద్రాసు పొలిమేరలోని వండలూరులో ఈ బండిని తయారు చేయడానికి ఆ పద్ధతి ఎంతో కలిసివచ్చింది. నీకూ కలిసివస్తుంది, ఎందుకంటే చెడిన ముక్కను మాత్రమే విప్పి బాగుచేయించుకోవచ్చు. అయితే బాడీని చాసిస్ మీంచి ఎత్తే ముందు తలుపుల సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా వెల్డింగు చేయించు. లేకపోతే బాడీ వంగి, తరవాత ఏ తలుపూ సరిగా పడదు.

ఇంజను సరుకు ఇంగ్లండు నుంచి తెప్పించేటప్పుడు ఒక చిక్కు ఉంది. మన హెరాల్డుది 948 సీసీ ఇంజను. అక్కడ 1961లోనే 1147 సీసీ వచ్చింది కనుక, నువ్వు హెరాల్డు అని మాత్రమే చెబితే వాళ్లు దానికి సరిపడే పిస్టన్లు పంపిస్తారు. నీ సిలిండరు వ్యాసం 63 మిల్లీమీటర్లు, వాళ్లు పంపేది 69.3. కస్టమ్స్ సుంకం కట్టి తెచ్చుకున్న పిస్టన్లను బీరువాలో అలంకారంగా పెట్టుకోవాలి. ఇందుకు భిన్నమైన కష్టం వెనక తలుపులతో వస్తుంది. నాలుగు తలుపుల హెరాల్డు మద్రాసులోనే రూపుదిద్దుకుంది, ఇంగ్లండులో అటువంటిది లేదు. వెనక తలుపు, దాని అద్దం, దాని బీడింగు కావాలంటే దక్షిణాదిలోనే వెతకాలి. అందువల్ల ఎక్కడైనా తుక్కుకు పోతున్న నాలుగు తలుపుల బండి కనబడితే, ఇంజను లేకపోయినా తలుపుల కోసమే బేరమాడు.

పార్టుల కొట్లకు మద్రాసులో పుదుపేట, బెంగళూరులో జేసీ రోడ్డు, సికింద్రాబాదులో రాణీగంజ్, బెజవాడలో ఆటోనగర్ నీకు ఎలాగూ ఎవరో చెబుతారు. ఎక్కడికి వెళ్లినా పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్లు. దానిమీద అచ్చయిన నంబరును రాసుకో. కొత్తది బండిలో కుదురుగా కూర్చునేదాకా పాతదాన్ని పారేయకు. వింటేజ్ కారు అనే మాట నోట రానీయకు. ఆ మాట వినగానే కౌంటరు వెనక మనిషి ధర మార్చేస్తాడు. ఈ మాట కౌంటరు వెనక మనిషే చెబుతున్నాడు, నమ్ము. బేరింగు కావాలంటే హెరాల్డు బేరింగు అని అడగకు. దాని అంచున చెక్కిన నంబరు చదివి బేరింగుల కొట్లో అడుగు. ఆయిల్ సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే చాలు, బండి పేరుతో వాళ్లకు పనిలేదు. దీపాలు, స్విచ్చులు, డిస్ట్రిబ్యూటరు వంటి లూకాస్ కంపెనీ సరుకులో చాలామటుకు ఆ కాలపు ఇంగ్లీషు బండ్లన్నిటికీ దగ్గరగా ఉంటుంది కనుక పాత అంబాసిడర్ సరుకు పెట్టెలు కూడా తిరగేయి.

అన్నిటికన్నా మంచి వేట చిన్న ఊళ్లలో ఉంటుంది. ఒకప్పుడు డీలర్లకు సరుకు అందించిన పాత కొట్లలో అటక మీద అమ్ముడుపోని పాత సరుకు, డెడ్ స్టాక్ ఉంటుంది. కొట్టు యజమాని కొడుక్కు ఆ పెట్టెల్లో ఏముందో తెలియదు, తండ్రికి తెలుస్తుంది. తండ్రి ఇంట్లో ఉంటే ఇంటికే వెళ్లి, కూర్చుని, కాఫీ తాగి, ఆయన చెప్పేది విని, ఆ తరవాత అడుగు. ఇనుము, గాజు, ఇత్తడి ఆ పెట్టెల్లోంచి నిశ్చింతగా తీసుకో. రబ్బరు మాత్రం తీసుకోకు. కంపెనీ సీలు విప్పని పెట్టెలో ఉన్నా యాభై ఏళ్లనాటి బ్రేకు హోసు, వీల్ సిలిండరు కప్పులు పనికిరావు. వాటిని కొత్తగా చేసినవే వేయించు.

పెట్రోలు గొట్టాల విషయమూ అంతే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును మెత్తబరచి పగలగొడుతుంది, తేమను పీల్చి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించు, బండిని నెలల తరబడి నిలిపేటట్లయితే ట్యాంకులో పెట్రోలు ఉంచకు. పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా పెట్రోల్లోని సీసమే కాపాడేది; 2000 నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది కనుక సిలిండర్ హెడ్డు విప్పినప్పుడే గట్టి ఉక్కు వాల్వు సీట్లు వేయించుకుంటే మళ్లీ విప్పే పని ఉండదు.

కాగితాలు. తమిళనాడు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, చేతికి వచ్చేదాకా పెద్ద ఖర్చు పెట్టకు. చాసిస్ నంబరును పెన్సిలుతో కాగితం మీద దింపి ఆర్‌సీతో పోల్చు. ఇంజను నంబరు కూడా పోల్చు. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవడానికి 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. పైగా బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. నీకు ఆదివారం నాడు మీ అమ్మను కూర్చోబెట్టుకుని ఊరు తిరగాలని ఉంటే, ఆ దారి పట్టకముందే ఆర్టీవో ఆఫీసులో మామూలు ఆర్‌సీ పునరుద్ధరణ సంగతి అడిగి తెలుసుకో.

మీ అమ్మ గురించి ఒక మాట. డబ్బు తగలేస్తున్నావని ఆమె కేకలేస్తుంది, నువ్వు ఎదురు చెప్పకు. ఆమె భయపడేది డబ్బుకు కాదని నీకు ఇప్పుడు తెలిసింది. ట్రనియన్లు విప్పిన రోజు ఆ ఫొటోలు ముందు ఆమెకు పంపి, ఆ తరవాత నాకు పంపు. విప్పే రోజు ఒక వారం ముందుగా చెబితే నేనే రైలెక్కి వస్తాను. వయసైందని వద్దనకు, నేను వచ్చేది స్టూలు మీద కూర్చుని చూడటానికే. ఇంగ్లండుకు ఆర్డరు పెట్టేముందు పార్టు నంబర్ల చిట్టా నాకు చూపించు, డబ్బు కట్టాక కాదు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. నీ బండికి ఎలా ఉందో చూడకుండా కొత్త బ్యాటరీ తగిలించకు, ఫోను ఛార్జరు అసలే పెట్టించకు.