క్రిస్మస్‌కి ఇటలీ వెళ్తున్న చిట్టితల్లికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. డిసెంబర్ 22న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రోమ్, 27న నేపుల్స్, 30న వెనక్కి. మధ్యలో పద్నాలుగు చోట్లు రాశావు. వెంట మీ అత్తయ్యగారు, మామయ్యగారు, ఆరేళ్ళ బుజ్జిగాడు. ఆ లిస్టులో సగం కొట్టెయ్ తల్లీ. రోమ్‌లో ఎనిమిదేళ్ళు కాపురం చేసినదాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను. క్రిస్మస్ వాళ్ళకి మన సంక్రాంతి లాంటిది, ఇంటి పండగ. పండగ పూట వాళ్ళ ఊరికి వెళ్తున్నావు కాబట్టి వాళ్ళ పండగ చూసి రా. మిగతా రోమ్ ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటుంది.

ముందు తిండి సంగతి. మేం వెళ్ళిన మొదటి ఏడు 25న నలుగురిని భోజనానికి పిలిచాను. కూరలు 24 సాయంత్రం తెచ్చుకోవచ్చులే అనుకున్నాను. నాలుగున్నరకి సంచీ పట్టుకుని కిందికి దిగితే వీధి పొడవునా షట్టర్లు దించేసి ఉన్నాయి. ఇంట్లో ఉన్నవి కాస్త కందిపప్పు, రెండు బంగాళాదుంపలు. 25న ఎలాగూ సెలవు. 26 కూడా వాళ్ళకి పండగే, సాంతో స్తెఫనో అంటారు. ఆ రెండు రోజులూ పప్పుతోనే గడిపాం. కాబట్టి మూడు రోజులకి సరిపడా సరుకులు 23నే తెచ్చిపెట్టుకో. తెర్మీని స్టేషన్‌కి దగ్గర్లో, పియాజ్జా విట్టోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్ ఉంది. పచ్చిమిరపకాయలు, బెండకాయలు, కొత్తిమీర అక్కడ దొరుకుతాయి, పొద్దున్నే వెళ్ళు. మామూలు సూపర్ మార్కెట్‌లో అర్బోరియో బియ్యం ఉంటుంది. అన్నంలా వండితే ముద్దవుతుంది గానీ పెరుగన్నానికి చాలా బాగుంటుంది. వంటిల్లున్న అపార్ట్‌మెంటే తీసుకో. అక్కడ చాలా బిల్డింగుల్లో హీటింగ్ రోజంతా ఉండదు, కొన్ని గంటలే వేస్తారు. రాత్రి నాలుగైదు డిగ్రీలు నీకు చలి కాదు, గోదావరి నుంచి వచ్చినవాళ్ళకి చలే. రెండు దుప్పట్లు ఎక్కువ కావాలని ముందే అడిగి పెట్టుకో.

మీ అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరని నాకు తెలుసు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. 24 రాత్రి వాళ్ళు మాంసం తినరు, అంతా చేపలే. హోటల్లో "కార్నే లేదు" అన్నారంటే శాకాహారం అని కాదు. "సెన్జా కార్నే, సెన్జా పెషే, సెన్జా వోవా" అను. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. చలికాలంలో రోమ్‌లో పుంతరెల్లె అని ఒక ఆకుకూర సలాడ్ పెడతారు. చూడ్డానికి పచ్చగా ముచ్చటగా ఉంటుంది, అందులో చిన్న చేపలు నూరి కలుపుతారు. పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు. ఈ సంగతి ఆవిడకి ముందే చెప్పు. తిన్నాక తెలిస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు. పానెత్తోనె అనే వాళ్ళ క్రిస్మస్ కేకులో గుడ్డు ఉంటుంది. ఆవిడ నిశ్చింతగా తినదగ్గవి చీజ్ లేని మారినారా పిజ్జా, అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో మాత్రమే; ఇంకా వీధి చివర కాల్చి పొట్లం కట్టి ఇచ్చే చెస్ట్‌నట్లు.

24 రాత్రి బస్సులు, మెట్రో మామూలుకన్నా ముందే ఆగిపోతాయి, 25న ఇంకా తక్కువ. ఇల్లు ఊరి మధ్యలో, నడిచి వెళ్ళే దూరంలో తీసుకో. రోమ్ వీధుల్లో పరిచిన నల్ల రాళ్ళు వానకి తడిస్తే జారతాయి, మామయ్యగారికి పట్టు ఉన్న బూట్లు కొను. వాటికన్ మ్యూజియం 25, 26 రెండు రోజులూ మూసేస్తారు. చూడాలంటే 23కే టికెట్ తీసుకో. కొలోసియం 25న ఉండదు. 64 నంబర్ బస్సులో పర్సు జాగ్రత్త. పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు దగ్గరుంచుకో, జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా గడువులో ఉంటే ఇటలీకి వేరే వీసా అక్కర్లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

వెళ్ళిన మర్నాడే మీ వీధిలో ఏ చర్చి ఉంటే అందులోకి బుజ్జిగాణ్ణి తీసుకెళ్ళు. ఒక మూల ప్రెసేపె ఉంటుంది, ఏసు పుట్టిన పాక, చుట్టూ బొమ్మలు. తల్లి మోకాళ్ళ మీద ఉంటుంది, పక్కన జోసెఫ్, ఎద్దు, గాడిద. అందరూ మధ్యలోకే చూస్తుంటారు. అక్కడ గడ్డి మాత్రమే ఉంటుంది, బిడ్డ ఉండడు. 24 రాత్రి పూజ వేళ తెచ్చి పడుకోబెడతారు. వాడికి ఆ ఖాళీ చూపించు, ఏమీ చెప్పకు. 25 పొద్దున మళ్ళీ అదే చర్చికి తీసుకెళ్ళు. వాడి వయసులో మీ అక్కని అలాగే తీసుకెళ్ళాను. నా చెయ్యి వదిలేసి పరుగెత్తింది. తర్వాత మధ్యాహ్నం పన్నెండింటికి సెయింట్ పీటర్స్ చౌక్‌లో పోప్ దీవెన, దానికి టికెట్ లేదు, పదకొండుకల్లా వెళ్ళి నిలబడితే చాలు.

ఈ పాక కట్టే ఆచారానికి మొదలు 1223లో. రోమ్‌కి ఉత్తరాన గ్రెచ్చో అనే పల్లెలో సెయింట్ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి, గడ్డి పరిచి, పండగ చేశాడు. దాన్ని బొమ్మల కొలువు చేసింది నేపుల్స్ వాళ్ళు. నేను ఊరికే పోల్చడం లేదమ్మా. 1700ల్లో అక్కడి రాజుల కాలంలో పాక చుట్టూ ఊరంతా చేరింది: చేపలమ్మేవాడు, చాకలామె, రొట్టెలు కాల్చేవాడు, పళ్ళ బుట్టతో ముసలమ్మ. మన కొండపల్లి బొమ్మల్లో తాడిచెట్టు ఎక్కేవాడూ బండి తోలేవాడూ ఉన్నట్టే. తలలు మట్టివి, చేతులూ కాళ్ళూ చెక్కవి, ఒళ్ళు తీగకి నార చుట్టింది, పైన పట్టుబట్టలు. కొండ మీద సాన్ మార్తీనో మ్యూజియంలో కుచినియెల్లో ప్రెసేపె చూపించు. ఫ్యునికులర్, అంటే కొండ ఎక్కే చిన్న రైలు, ఎక్కి వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళకి మెట్లు ఎక్కే పని ఉండదు. బుధవారం మూసేస్తారు, చూసుకో. అన్నిటికన్నా పైన, గొర్రెల మధ్య పడుకుని నిద్రపోయే కుర్రాడి బొమ్మ ఉంటుంది, బెనీనో అంటారు. ఈ కొలువంతా వాడికి వస్తున్న కల, వాణ్ణి లేపకూడదు అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. బుజ్జిగాడు వింటే తప్పకుండా గొంతు తగ్గిస్తాడు.

ఊళ్ళో సాన్ గ్రెగోరియో అర్మేనో అని సన్నటి వీధి, రెండు పక్కలా బొమ్మలు చేసే దుకాణాలే. పండగ ముందు కాలు పెట్టలేం, 28న పొద్దున తొమ్మిదికి వెళ్తే కాస్త మేలు. తోసుకోకుండా చూడొచ్చు, చేసేవాళ్ళు లోపల రంగులద్దుతూ ఉంటారు. మీ అత్తయ్యగారు సంక్రాంతికి కొలువు పెడతారు కదా, ఒక బొమ్మని ఆవిడే ఎంచుకోనివ్వు. తొందర పెట్టకు, గంటైనా పర్వాలేదు. పెద్దది వద్దు, మట్టిది అరచేతిలో పట్టేంత చాలు. ముక్కూ వేళ్ళూ ముందు విరుగుతాయి, వాటికి దూది పెట్టి, ఉన్ని మేజోడులో దోపి, చేతి సంచీలోనే పెట్టుకో. సూట్‌కేసులో వేయకు.

బయలుదేరే ముందు ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ