రేకుల మందిరానికి వెళ్తున్న నీకు

వారాసిగూడ, సికింద్రాబాదు

ప్రభువునందు ప్రియమైన బాబుకు వందనాలు.

నిన్న ఫోనులో నువ్వు అన్న మాట రాత్రి చాలాసేపు నన్ను పడుకోనివ్వలేదు. "నలభై మందే కదా అయ్యగారూ, ఎలాగో నెట్టుకొస్తాను" అన్నావు. నీ మీద కోపం లేదు. పాస్టర్లకు శిక్షణ ఇచ్చే వేదపాఠశాల నుంచి కొత్తగా వచ్చినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆ నలభై మంది మౌలాలి సంఘానికి నిన్ను పాస్టరుగా పంపమని పెద్దలకు చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే నువ్వు వెళ్ళేలోపు ఈ నాలుగు మాటలు రాసి పంపుతున్నాను.

నాలుగు వేల మంది ముందు మాట్లాడటం తేలిక. దీపాల వెలుగు కళ్ళలో పడుతుంది, ముఖాలు కనిపించవు, నీ మాట ఎవరికి తగిలిందో ఎవరికి తగల్లేదో తెలియదు. కూటం అయ్యాక భోజనం చేసి బండెక్కుతావు. నలభై మంది ముందు ఆ వీలుండదు. రెండో చాప మీద కూర్చున్న తల్లిని ఆమె కొడుకు శుక్రవారం రాత్రి తాగొచ్చి కొట్టాడని నీకు తెలుసు. నీకు తెలుసునని ఆమెకూ తెలుసు. ఆ ఆదివారం నువ్వు లేచి "కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము" అని మొదలుపెడితే ఆమె తలెత్తి నీ వైపు చూస్తుంది. ఆ చూపుకు జవాబు ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ లేదు.

కాబట్టి ప్రసంగాన్ని శనివారం రాత్రి బల్ల ముందు కూర్చుని మొదలుపెట్టకు. సోమవారమే వాక్యభాగం ఎంచుకుని పదిసార్లు చదువు, దాన్ని మనసులో పెట్టుకుని మంగళ, బుధవారాలు ఇళ్ళకు వెళ్ళు. మీ సంఘంలో చర్లపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లున్నారు, ఇళ్ళలో పని చేసే అక్కలున్నారు, సెంట్రింగ్ పనివాళ్ళున్నారు. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు వెంటనే బైబిలు తెరవకు. ఇచ్చిన టీ తాగు. కరెంటు బిల్లు ఎంత వచ్చింది, పిల్లవాడి ఫీజు కట్టారా, ఊళ్ళో అమ్మకు ఎలా ఉంది అని అడిగి, ఆ తరువాత నోరు మూసుకుని విను. చివర్లో రెండు నిమిషాల ప్రార్థన చాలు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ ఇంటికి ఒక్కడివీ వెళ్ళకు. ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి స్త్రీల సమాజంలోని ఒక పెద్దావిడను వెంట తీసుకెళ్ళు. ఇది సలహా అనుకోకు, ఆజ్ఞ అనుకో.

ఎంతసేపు చెప్పాలి అని అడిగావు. నేను నేర్చుకున్న విధం చెబుతాను. సేవలోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం గంటా పది నిమిషాలు చెప్పాను. ఆత్మ నడిపిస్తున్నాడనే అనుకున్నాను. గోడవారగా కూర్చున్న ఒక అక్క మాటిమాటికీ చీర కొంగు ముడి విప్పుతుంది, మళ్ళీ కడుతుంది. ఆమెకు వాక్యం మీద ఆసక్తి లేదని మనసులో విసుక్కున్నాను కూడా. ఆరాధన అయ్యాక నా భార్య అడిగితే తెలిసింది, ఆ ముడిలో ఉన్నది బస్సు చిల్లర. ఒంటిగంటకల్లా తార్నాకలో ఒక ఇంట్లో అంట్లు తోమాలి. ఆలస్యమైతే ఆ నెల జీతంలో కోత. ఆదివారం సెలవు లేని మనిషి మన దగ్గరికి రావడానికి ఎంత తంటాలు పడిందో నాకు కనిపించలేదు, ఆమె కొంగు మాత్రం కనిపించింది. ఆ తరువాత ఎప్పుడూ నేను ముప్పై అయిదు నిమిషాలు దాటలేదు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా చెబితే ఐతుకు అనే కుర్రాడు నిద్రలో తూలి కిటికీలోంచి కింద పడి చనిపోయాడు కదా. పౌలుకు చచ్చినవాణ్ణి లేపే వరం ఉంది. మనకు లేదు.

ఇక భాష. మన బైబిలు తెలుగు గంభీరమైనది, నాకు ప్రాణం. కానీ ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. సండే స్కూల్లో ఒకసారి ఇరవై మూడో కీర్తన కంఠతా అప్పగించిన పిల్లవాణ్ణి "నాకు లేమి కలుగదు అంటే ఏమిటి నాన్నా?" అని అడిగాను. "నేను పొద్దున లేవలేను అని" అన్నాడు. మేము నవ్వుకున్నాం గానీ, ఆ రోజు నుంచి వాక్యం చదివేటప్పుడు ఆగి ఆగి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. బైబిల్లో నెహెమ్యా కాలంలో జరిగింది కూడా అదే: ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివారు, జనం గ్రహించేలా అర్థం చెప్పారు.

అర్థం చెప్పడం అంటే గ్రీకు మూలపదం చెప్పడం కాదు బాబూ. "విమోచన" అనే మాట తీసుకో. నువ్వు దాని వ్యుత్పత్తి మీద పావుగంట మాట్లాడగలవు. నేనైతే తాకట్టు కొట్టు గురించి చెబుతాను. మీ సంఘంలో పుస్తెలు తాకట్టు పెట్టని ఇల్లు ఒకటో రెండో ఉంటాయేమో. ఆసుపత్రి ఖర్చుకు పెట్టిన వస్తువు, నెలనెలా పెరిగే వడ్డీ, ఆ రసీదు బియ్యం డబ్బాలో దాచుకోవడం, పసుపుతాడు ఒక్కటే వేసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళడం వాళ్ళకు తెలుసు. వస్తువు తనంతట తాను తిరిగి రాలేదు. ఎవరో ఒకరు వెళ్ళి, మొత్తం కట్టి, విడిపించుకు రావాలి. ఇంతవరకు చెప్పి ఆగు. ఆ తరువాత సిలువ మాట ఎత్తితే వాళ్ళే నీకంటే ముందు అక్కడికి చేరుకుంటారు.

ఎవరి గొంతూ అరువు తెచ్చుకోకు. ఈ మధ్య కుర్ర పాస్టర్లందరూ ఒకే రకంగా బొంగురుగా అరుస్తున్నారు, ఒకేచోట ఏడుస్తున్నారు. ఫోనులో చూసి నేర్చుకున్నదని చిన్నపిల్లలకూ తెలిసిపోతోంది. నా చిన్నతనంలో మా నాన్న నన్ను గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను మందిరానికి తీసుకెళ్ళేవారు. అక్కడి ప్రసంగీకులు భక్త సింగ్ గారు పంజాబీ, అనువాదకుణ్ణి పక్కన పెట్టుకుని మాట్లాడేవారు. అయినా తెలుగువాళ్ళు చాపల మీద గంటల తరబడి కదలకుండా వినేవారు. తరువాత అందరూ వరుసల్లో కూర్చుని కలిసి భోంచేసేవారు. తెలుగులో మాట్లాడని మనిషి మాటను జనం ఇళ్ళకు మోసుకెళ్ళారంటే అది గొంతు గొప్పతనం కాదు కదా.

మైకు గురించి కూడా చెప్పాలి. నలభై మందికి మైకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక శ్రావణమాసంలో పెద్ద వాన వచ్చింది. రేకుల మీద చినుకులు పడితే ఎలా ఉంటుందో నీకు తెలుస్తుందిలే. కరెంటు పోయింది, మైకు ఆగిపోయింది, నా మాట నాకే వినిపించలేదు. పల్పిట్ దిగి మధ్యలోకి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ముసలివాళ్ళు దగ్గరికి జరిగారు, పిల్లలు నా మోకాళ్ళకు ఆనుకున్నారు. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి తప్పిపోయిన గొర్రె కథ చెప్పాను, అంతే. పదేళ్ళ తరువాత కూడా "ఆ వాన రోజు చెప్పారు చూడండి" అని అడిగేవాళ్ళు. మిగతా ఆదివారాల గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

మైకు వాడక తప్పకపోతే చట్టం తెలుసుకుని వాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 55 అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేంత. బయట స్పీకరు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అసలు మోగకూడదు. చట్టం సంగతి అలా ఉంచు, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లకు నీ స్తోత్రగానం సువార్త అవుతుందా?

సువార్త అంటే గుర్తొచ్చింది. బయటికి వెళ్ళి చెప్పడానికి ఉత్సాహపడుతున్నావు, సంతోషం. ముందు బైబిల్లో సువార్తికుడైన ఫిలిప్పును చూడు. దారిలో వెళ్తున్న ఐతియొపీయుడైన అధికారి రథం దగ్గరికి పరుగెత్తాడు నిజమే, కానీ ముందు అతను చదువుతున్నది విన్నాడు, తరువాత ఒక ప్రశ్న అడిగాడు, అతను ఎక్కి కూర్చోమన్నాకే రథం ఎక్కాడు. మనం ఆ మూడూ వదిలేసి నేరుగా రథం ఎక్కేస్తున్నాం. వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించి స్టేషను దగ్గర పంచితే సాయంత్రానికి అవి మిరపకాయ బజ్జీల కిందికి చేరతాయి. నేను నా కళ్ళతో చూశాను, ఆ బజ్జీలు తిన్నది కూడా నేనే.

ఎవరి దేవుణ్ణీ, దేవతనూ ఒక్క మాట అనకు. ఎఫెసు పట్టణంలో పౌలు, అతని తోటివాళ్ళ మీద అంత అల్లరి జరిగినప్పుడు, వీళ్ళు మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పింది ఎవరు? ఆ పట్టణపు కరణమే. నీ గురించి మీ వీధివాళ్ళు అలా చెప్పగలగాలి. ఆషాఢంలో బోనాల ఊరేగింపు మా సందులోంచే వెళ్ళేది. ఒక సంవత్సరం ఆ రోజే మా ఉపవాస ప్రార్థన పడింది. కొందరు విశ్వాసులు పట్టుదలకు పోయారు. నేను ప్రార్థన ఉదయానికి మార్చి, సాయంత్రం మందిరం అరుగు మీద మంచినీళ్ళ కుండలు పెట్టించాను. నన్ను తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ డిసెంబరులో క్రిస్మస్ పందిరికి కరెంటు లేకపోతే బోనాల కమిటీ కుర్రాడే వాళ్ళింట్లోంచి తీగ లాగి ఇచ్చాడు.

సువార్త నీ ఒక్కడి పని కూడా కాదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన దోర్నకల్ అజరయ్యగారు, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని చెప్పించేవారట. వాళ్ళలో చాలామంది చదువు రాని కూలీలు. పొలంలో పక్కవాడితో చెప్పారు, అంతే. మీ వాచ్‌మన్ అన్న తన అపార్ట్‌మెంట్‌లో దొంగతనం చేయకుండా, అబద్ధం ఆడకుండా పదేళ్ళు ఉన్నాడంటే, అతణ్ణి "మీరు ఇలా ఎందుకుంటారు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రోజు ఏం చెప్పాలో అతనికి నేర్పు.

కొన్ని విషయాల్లో మాత్రం తడబడకు. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని ప్రకటించే హక్కు ఇచ్చింది. అయితే అది ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నాకు ఆ తీర్పు కంటే నా మనస్సాక్షే గట్టిగా చెబుతుంది. బియ్యం ఇచ్చే రోజు కరపత్రం ఇవ్వకు, కరపత్రం ఇచ్చే రోజు బియ్యం తీసుకెళ్ళకు. తల్లిదండ్రులకు తెలియకుండా పక్కింటి పిల్లలను సండే స్కూలుకు పిలవకు. బాప్తిస్మం అడిగినవాడు ఎస్సీ కుటుంబం వాడైతే ఉన్న సంగతి దాచకుండా చెప్పు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే, క్రైస్తవుడైతే బీసీ-సి అనే వెనుకబడిన తరగతి కిందికి వస్తాడు. ఇది న్యాయమా అని నన్ను అడిగితే కాదంటాను. కానీ అతని పిల్లల చదువు దీనితో ముడిపడి ఉంది. తెలిసి నిర్ణయించుకోనీ, ఎన్ని నెలలైనా పట్టనీ. నీ నెలవారీ నివేదికలో సంఖ్య కోసం తొందరపడకు.

స్వస్థత మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఒకసారి విశ్వాసాన్ని రగిలించే మూడు రోజుల ఉజ్జీవ కూటాలకు బయటి ప్రసంగీకుణ్ణి పిలిచాను. మా సంఘంలో ఒక కుర్రాడికి క్షయ. ఆరు నెలల మందుల్లో రెండు నెలలు అయ్యాయి, దగ్గు తగ్గింది. ప్రసంగీకుడు వాడి తల మీద చెయ్యి పెట్టి, నీకు స్వస్థత అయింది, ఇక మాత్రలు అవిశ్వాసం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు లోపల కలుక్కుమంది, కానీ అతిథిని అందరి ముందు ఎలా కాదనాలి అని ఊరుకున్నాను. నాలుగు నెలలకు వాడు రక్తం కక్కుకుంటూ ఆసుపత్రిలో చేరాడు. బతికాడు, దేవునికి స్తోత్రం, కానీ ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. ప్రసంగీకుడు అప్పటికి మరో ఊళ్ళో ఉన్నాడు. వాడి మంచం పక్కన కూర్చున్నది నేను. సువార్త రాసిన లూకా వైద్యుడు. తన శిష్యుడు తిమోతి కడుపునొప్పికి పౌలే చిట్కా చెప్పాడు. ప్రార్థన చెయ్యి, నూనె రాయి, ఆ తరువాత మాత్ర వేసుకున్నావా అని నీ నోటితోనే అడుగు. నీ పల్పిట్ మీద ఎవరు అడ్డంగా మాట్లాడినా, అతిథి అయినా సరే, అక్కడికక్కడే లేచి సరిదిద్దు.

డబ్బు సంగతి: కానుకలు ఇద్దరు విశ్వాసులు లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, నువ్వు ముట్టుకోకు. సాక్ష్యం చెబుతూ ఏడ్చే అక్కలను ఫోనులో లైవ్ పెట్టకు. పాటల్లో పాతకాలపు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటైనా ఉండనీ, ముసలమ్మలు పుస్తకం లేకుండా పాడగలిగేవి అవే.

మందిరం బీరువా తాళంచెవి వాచ్‌మన్ అన్న దగ్గర ఉంది. కంజీర చర్మం వదులైంది, మార్పించాలి. మొదటి వరుసలో కుడివైపు కూర్చునే పెద్దమ్మకు ఎడమ చెవి వినిపించదు. ఆమెను ఎడమవైపు గోడ దగ్గరికి మారిస్తే, నువ్వు నిలబడే చోటికి కుడి చెవి తిరుగుతుంది. మూడేళ్ళుగా ఆమె అక్కడే కూర్చుంటున్నా ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. గురువారం సాయంత్రం మొదటి ప్రసంగం కాగితాలు పట్టుకుని మా ఇంటికి రా, అమ్మగారు ఉప్మా చేస్తానన్నారు.

ప్రభువు సేవలో,
నీ అయ్యగారు