మడమ టెండన్‌లో ఎముక పెరగడానికి సున్నం కారణమా?

మీ నాన్నగారు రాజోలు వైపు కొబ్బరి దింపు పని చేసేవారని, చాలా ఏళ్ల క్రితం మడమ వెనుక టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు లాంటి భాగం) తెగితే ఆపరేషన్ చేసి కుట్టారని, ఇప్పుడు ఎక్స్‌రేలో అక్కడే ఎముక కనబడిందని రాశారు. తాంబూలంలోని సున్నం అలా పేరుకుందా, పాలు మాన్పించాలా అని అడిగారు. రెండూ కారణం కావు, పాలు మాన్పించకండి. అమలాపురంలో జీవశాస్త్రం బోధించే నాకు కూడా కుడి మడమలో ఇదే జరిగింది కనుక వివరంగా రాస్తున్నాను.

టెండన్‌లో కాల్షియం లవణాలు పేరుకోవడం వేరు, ఎముక ఏర్పడటం వేరు. మొదటిది సుద్దలాంటి పదార్థం మాత్రమే. రెండవదానిలో ఎముక కణాలు, రక్తనాళాలు, ఒక్కొక్కసారి మజ్జ కూడా ఉంటాయి. నా ఎక్స్‌రేలో మడమ ఎముకకు రెండు వేళ్ల పైన, దానికి అంటకుండా, అంచు దట్టంగానూ లోపల సన్నని గీతలతోనూ ఒక నిలువు పలక కనిపించింది. ఆ గీతలే అది ఎముక అని చెబుతాయి.

ఈ ఎముకను తయారు చేసేవి టెండన్‌లోనే ఉండే మూలకణాలు. స్క్లెరాక్సిస్, మోహాక్ అనే ప్రొటీన్లు వాటిని టెండన్ కణాలుగా నిలిపి ఉంచుతాయి. చుట్టూ ఉండే బైగ్లైకాన్, ఫైబ్రోమోడ్యులిన్ అనే ప్రొటీన్లు కూడా అవసరమేనని 2007లో తేలింది: ఆ రెండూ లేని ఎలుకల్లో ఈ కణాలు బీఎంపీ అనే ఎముక సంకేతానికి అతిగా స్పందించి, టెండన్‌లోనే ఎముకను పుట్టించాయి. గాయమైనప్పుడు వాపు కణాలు చేరతాయి, ఆక్సిజన్ తగ్గి, ఆ కొరతకు స్పందించే హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ పెరుగుతుంది, బీఎంపీ సంకేతం స్మాడ్ ప్రొటీన్ల ద్వారా కేంద్రకానికి చేరుతుంది. అప్పుడు సాక్స్9 అనే ప్రొటీన్ ప్రభావంతో మొదట మృదులాస్థి ఏర్పడి, తరువాత రక్తనాళాలు చొచ్చుకువచ్చి, రంక్స్2 అనే మరో ప్రొటీన్ ఆధీనంలో అది ఎముకగా మారుతుంది. పిల్లల కాళ్లూ చేతుల ఎముకలు పెరిగే పద్ధతి కూడా ఇదే. తేడా అంతా చోటులోనే.

ఈ దారి గురించి ఎక్కువగా నేర్పింది కండరాలు, టెండన్లు ఎముకగా మారిపోయే ఎఫ్ఓపీ అనే అత్యంత అరుదైన జన్యువ్యాధి. బీఎంపీ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను తయారుచేసే ఏసీవీఆర్1 జన్యువులో మార్పు వల్ల, ఆ ప్రొటీన్‌లో 206వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు హిస్టిడిన్ రావడమే చాలామంది రోగుల్లో దానికి మూలమని 2006లో కనుగొన్నారు. అందులో పుట్టుకతోనే కాలి బొటనవేలు వంకరగా ఉంటుంది కనుక, మీ నాన్నగారి విషయంలో ఆ భయం అనవసరం.

ఫ్లోరైడ్ నీళ్ల మాట కూడా ఎవరో ఒకరు అంటారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చూసిన ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నెముక మొదలుకొని అనేక చోట్ల ఎముకలను కలిపే బంధనాలు గట్టిపడతాయి. కుట్టిన ఒక్క చోటనే పెరిగితే పాత గాయాన్నే అనుమానించాలి.

నొప్పి లేకపోతే సాధారణంగా ఆపరేషన్ అక్కరలేదు. బలమైన మర్దన మాత్రం వద్దని నా డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ పలక విరగడం, పక్కన టెండన్ తెగడం రెండూ జరగవచ్చు కనుక, అడుగు వేస్తుండగా హఠాత్తుగా నొప్పి పుట్టి మునివేళ్లపై నిలబడలేకపోతే, ఆ రోజే ఎముకల డాక్టరుకు చూపించండి.