విజయనగరం వయొలిన్ గురువుకు జర్మనీలో స్వయం ఉపాధి అనుమతి దొరుకుతుందా?

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయికి 27 ఏళ్లు. ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేసి, మూడేళ్లుగా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాడు. 18 మంది శిష్యుల్లో 11 మంది జర్మనీలో ఉంటున్న తెలుగువారి పిల్లలు. నెలకు 35 వేల రూపాయల వరకు వస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే ఒక శిష్యురాలి తండ్రి, విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు మా ఇంట్లో ఉండి పాఠాలు చెప్పండి, తరువాతి సంగతి ఇక్కడే చూసుకుందాం అంటున్నారు. విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీ వారేమో 3 లక్షలు కడితే ఫ్రీలాన్స్ వీసా ఖాయంగా ఇప్పిస్తామంటున్నారు. ఏ దారి మంచిదో చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ రెండు దారుల్లో ఏదీ పట్టవద్దని ముందుగానే చెబుతున్నాను. అలాగని మీ అబ్బాయి ఆశ తప్పు కాదు. ఉద్యోగం ఇచ్చే యజమాని లేకుండా, తన విద్యనే ఆధారం చేసుకుని జర్మనీలో బతకడానికి ఆ దేశ చట్టం ఒక దారి ఉంచింది. సంగీతం నేర్పేవారు ఆ దారికి తగినవారే. అయితే ఆ అనుమతి పట్టా చూసి ఇచ్చేది కాదు, ఇప్పటికే నిలదొక్కుకున్న జీవనాధారాన్ని చూసి ఇచ్చేది. మీ అబ్బాయికి ఆ జీవనాధారం సగం వరకు ఉంది కానీ, దానికి కాగితం మీద సాక్ష్యం దాదాపుగా లేదు.

ముందు విజిట్ వీసా సంగతి. సందర్శకుల వీసా మీద షెన్‌గెన్ దేశాలలో, అంటే ఒకే వీసాతో తిరగగల జర్మనీ వంటి ఐరోపా దేశాలలో, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, ఉన్న రోజుల్లో సంపాదన కోసం పని చేయకూడదు. ఇళ్లకు వెళ్లి డబ్బు తీసుకుని పాఠం చెప్పడం పనే అవుతుంది. ఆ డబ్బు చేతికి ఇచ్చినా, విజయనగరంలోని ఖాతాలో వేసినా తేడా లేదు, ఎందుకంటే అక్కడి అధికారులు చూసేది డబ్బు ఎక్కడ పడిందన్నది కాదు, పని ఏ నేల మీద జరిగిందన్నది. పట్టుబడితే వీసా రద్దు కావడమే కాకుండా, కొంతకాలం ఆ దేశాలలో అడుగుపెట్టకుండా నిషేధం కూడా పడవచ్చు. తరువాత ఎంత నిజాయతీగా దరఖాస్తు పెట్టినా ఆ మచ్చ వెంట వస్తుంది. అంతేకాదు, సందర్శకుడిగా వెళ్లినవారు సాధారణంగా అక్కడే ఉండి దానిని పని అనుమతిగా మార్చుకోలేరు, వెనక్కి వచ్చి దీర్ఘకాల వీసాకు ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టాలి. కాబట్టి “తరువాతి సంగతి ఇక్కడే చూసుకుందాం” అన్న మాటకు ఆధారం లేదు. ఆ పెద్దమనిషి అభిమానంతోనే పిలుస్తున్నారని నేను నమ్ముతున్నాను, కానీ ఆ అభిమానానికి మూల్యం చెల్లించవలసింది మీ అబ్బాయి.

జర్మనీ నివాస చట్టంలోని 21వ సెక్షన్ స్వయం ఉపాధికి సంబంధించినది. ఆ దేశంలో సొంతంగా పని చేసుకునేవారిని రెండు తెగలుగా చూస్తారు. దుకాణం, హోటల్, ఎగుమతుల వంటి వ్యాపారం చేసేవారు ఒక తెగ. వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, అనువాదకులు, పాత్రికేయులు, కళాకారులు, బోధకులు వంటి స్వతంత్ర వృత్తుల వారు రెండో తెగ. వీరినే అక్కడ ‘ఫ్రైబెరుఫ్లర్’ అంటారు. వ్యాపారానికి వచ్చేవారు తమ వల్ల అక్కడి ఆర్థిక వ్యవస్థకు మేలు కలుగుతుందని చూపించాలి. స్వతంత్ర వృత్తుల వారికి, అదే సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్ ప్రకారం, ఆ షరతు లేదు. కానీ తన తిండి, ఇల్లు, బీమా ఖర్చులు తానే భరించగలనని నమ్మకం కలిగించాలి. 45 ఏళ్లు దాటిన దరఖాస్తుదారులు వృద్ధాప్యానికి తగిన పింఛను ఏర్పాటు కూడా చూపాలి, మీ అబ్బాయికి ఆ చిక్కు లేదు. అనుమతి గరిష్ఠంగా మూడేళ్లకు ఇచ్చి, ఆదాయం నిలకడగా ఉంటే పొడిగిస్తారు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఇప్పుడు ఒక్కో పాఠానికి సుమారు 500 రూపాయలు తీసుకుంటున్నాడని మీరు చెప్పిన మొత్తాన్ని బట్టి అర్థమవుతోంది. నెలకు వచ్చే ఆ 35 వేలు విజయనగరంలో గౌరవంగా బతకడానికి సరిపోతాయి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో గది అద్దెకు కూడా చాలవు. జర్మనీకి చదువుకోవడానికి వెళ్లే విద్యార్థే జీవన వ్యయానికి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోలు ఖాతాలో చూపవలసి వస్తోంది. స్వయం ఉపాధి మీద ఉండేవారికి బీమా, పన్నులు కలిసి అంతకంటే ఎక్కువే కావాలి. పాఠానికి 25 యూరోల చొప్పున, నెలకు నాలుగు పాఠాలు, 20 మంది శిష్యులు ఉంటే 2,000 యూరోలు వస్తాయి. దానితో ఒంటరి మనిషి జాగ్రత్తగా గడపవచ్చు. అయితే ఇప్పుడు 500 రూపాయలు ఇస్తున్న తల్లిదండ్రులు, గురువు ఎదురుగా కూర్చుని నేర్పితే దానికి అనేక రెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారా? ఆ 11 మందిలో ఒకే ఊళ్లో ఉన్నవారు ఎందరు? పది ఊళ్లలో పది మంది ఉంటే రైలు ఛార్జీలకే సంపాదన కరిగిపోతుంది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండా వీసా ఫారం ముట్టుకోవద్దు.

జవాబులు అనుకూలంగా వస్తే, ఆ తల్లిదండ్రుల చేత ఉత్తరాలు రాయించుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని. “ఈయన మంచి గురువు” అన్న పొగడ్త అధికారికి అక్కరకు రాదు. మా పాప ఫలానా నెల నుంచి ఈయన దగ్గర నేర్చుకుంటోంది, ఈయన మా ఊరు వచ్చి ఉంటే వారానికి ఒక గంట, గంటకు ఇంత చొప్పున కనీసం ఏడాది పాటు నేర్పించుకుంటాము అని, చిరునామాతో, సంతకంతో ఉండాలి. ఏదైనా సంగీత పాఠశాలో, సాంస్కృతిక సంఘమో వారానికి కొన్ని గంటలు ఇస్తామని రాస్తే ఆ బలం వేరు. దరఖాస్తును కాన్సులేట్ ఒక్కటే తేల్చదు. ఏ ఊళ్లో ఉండబోతున్నాడో ఆ ఊరి విదేశీయుల కార్యాలయం అభిప్రాయం కూడా అడుగుతారు, అందుకే నెలలు పడుతుంది, అందుకే ఒకే ఊరి ఉత్తరాలు ఎక్కువ ఉండడం మంచిది.

మన జిల్లాలలో నేను తరచుగా చూసే పొరపాటు ఒకటి ఉంది. విదేశాలలో ఉన్న తల్లిదండ్రులు ఫీజును ఇక్కడి తాతయ్యల చేత ఫోన్‌పేలో వేయిస్తారు. డబ్బు అందుతుంది, కానీ జర్మనీలో శిష్యులున్నారని చెప్పే ఆనవాలు మిగలదు. ఇకనుంచి వారి సొంత ఖాతాల నుంచే పంపమని అడగండి, ప్రతి నెలా బిల్లు రాసి పంపమని అబ్బాయికి చెప్పండి, పన్ను పడనంత ఆదాయమైనా ఆదాయపు పన్ను రిటర్ను తప్పకుండా వేయించండి. రెండేళ్ల రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లులు ఒకదానితో ఒకటి సరిపోలితే ఏ కన్సల్టెన్సీ తయారు చేసే ఫైలూ దానికి సాటి రాదు. దీర్ఘకాల వీసా రుసుము 75 యూరోలు మాత్రమే. నిర్ణయం తమ చేతిలో లేని వీసాకు హామీ ఇచ్చి 3 లక్షలు అడిగేవారికి ఇచ్చేకంటే, ఆ డబ్బు అబ్బాయి ఖాతాలోనే ఉంటే సుమారు 3,000 యూరోల పొదుపుగా కనబడుతుంది.

ఆరోగ్య బీమా లేకుండా అనుమతి రాదు, ప్రయాణ బీమా అందుకు చాలదు. ఈ విషయంలో కళాకారులకు జర్మనీలో ఉన్న సదుపాయం చాలామందికి తెలియదు. ‘క్యూన్‌స్ట్లర్‌సోజియాల్‌కాస్సె’ అనే కళాకారుల సామాజిక బీమా నిధి ఒకటి 1983 నుంచి నడుస్తోంది. సంగీతం వాయించేవారినే కాక నేర్పేవారిని కూడా ఆ చట్టం కళాకారులుగానే లెక్కిస్తుంది. ఆరోగ్య, పింఛను బీమా చందాలో సుమారు సగమే కళాకారుడు కడితే చాలు, మిగిలినది ప్రభుత్వం, కళను వాడుకునే సంస్థలు భరిస్తాయి. ఏడాదికి 3,900 యూరోలకు పైన ఆదాయం ఉండాలన్న నియమం వృత్తిలో తొలి మూడేళ్లకు వర్తించదు. శాశ్వత నివాసానికి పింఛను చందాలు కూడా లెక్కలోకి వస్తాయి కనుక, అక్కడికి చేరిన వెంటనే ఇందులో చేరడానికి ప్రయత్నించాలి. అలాగే ఇల్లు దొరికిన రెండు వారాలలో చిరునామా నమోదు, ఆ తరువాత పన్ను కార్యాలయంలో నమోదు తప్పనిసరి. జర్మన్ భాషా పరీక్ష ఈ అనుమతికి చట్టంలో షరతుగా లేకపోయినా, ఈ పనులన్నీ ఆ భాషలోనే జరుగుతాయి. ఇప్పటి నుంచే రోజుకు గంట కేటాయించడం మంచిది.

వేరే దేశాల సంగతి మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. కెనడాలో కళాకారుల స్వయం ఉపాధికి ఉన్న పథకానికి 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపారు. పెట్టుబడి పెట్టి వ్యాపారం చేసేవారికి అమెరికా ఇచ్చే ఈ-2 వీసా ఒప్పంద దేశాల వారికే, అందులో భారత్ లేదు. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం, చదువు ముగిశాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద అనుమతి ఉంది. స్వయం ఉపాధి వారికి కూడా యూఏఈ ఇచ్చే నివాస అనుమతి అయిన గ్రీన్ వీసాకు డిగ్రీ లేదా ప్రత్యేక డిప్లొమాతో పాటు, గత రెండేళ్లలో స్వయం ఉపాధి మీద ఏడాదికి 3,60,000 దిర్హామ్‌ల ఆదాయమో, అక్కడ ఉన్నంతకాలం బతకగల ఆర్థిక స్థోమతో చూపాలి. మీ అబ్బాయి ఇప్పటి స్థితికి ఇవేవీ దగ్గరగా లేవు.

1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా మొదలైన కళాశాల పట్టా మీ అబ్బాయి చేతిలో ఉంది. దాని చరిత్రను ఒక పేజీలో రాసి, జర్మన్ అనువాదంతో దరఖాస్తుకు జతచేయమనండి. అతని విద్య ఏ పరంపరలోనిదో అక్కడి అధికారికి ఎవరూ చెప్పరు, మనమే చెప్పాలి. కచేరీ కరపత్రాలు, శిష్యులు వాయించిన వీడియోలు కూడా దాచి ఉంచాలి.

ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో నేర్పడానికి జర్మనీ అనుమతి అక్కరలేదు కనుక, ఎదురుచూసే ఏడాదిన్నర, రెండేళ్లలో అతని సంపాదన ఆగదు. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్దమనిషికి ఈ వారమే ఫోన్ చేసి, ఇప్పుడు రాలేనని మర్యాదగా చెప్పి, మీ ఊళ్లో ఇంకా ఎన్ని కుటుంబాలు ముఖాముఖి పాఠాలు కోరుతున్నాయి, గంటకు ఎంత ఇవ్వగలరు, ఆ మాట ఉత్తరంలో రాసి ఇస్తారా అని అడగమనండి. కనీసం పన్నెండు కుటుంబాలు అవునంటే, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని అబ్బాయిని ఒకసారి నన్ను కలవమనండి, ఆదాయ వ్యయాల ప్రణాళిక కలిసి రాద్దాం.