సూర్యుడు చెలరేగితే కాస్మిక్ కిరణాలు పెరుగుతాయా?

ప్రశ్న: మా ఊరి తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒడియా గ్రూపుల్లోనూ ఒకే సందేశం పదేపదే తిరుగుతోంది. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయట, ఫోన్లు ఆపి దూరంగా పెట్టాలట. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువైన ఏడాది ఈ కిరణాలూ ఎక్కువవుతాయని మా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటున్నారు. ఇందులో నిజమెంత? మహేంద్రగిరి మీద వీటి తాకిడి ఎక్కువగా ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా (ఒడిశా)

జవాబు: ఆ సందేశం ఉత్త పుకారు. కాస్మిక్ కిరణాలు వేళ చూసుకుని వచ్చిపోయేవి కావు, రేయింబవళ్లు పడుతూనే ఉంటాయి. మీరు అరచేతిని వెల్లకిలా చాపి ఉంచితే, ఆ కిరణాలు పైవాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టిన మ్యూయాన్ కణాలు నిమిషానికి దాదాపు 100 దాని గుండా దూసుకుపోతాయి.

ఇక సూర్యుడి మచ్చల విషయానికొస్తే, జరిగేది మీ తోటివారు చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. మచ్చలు పెరిగినప్పుడు మనకు చేరే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి. ఈ కిరణాల్లో అత్యధిక భాగం సౌరమండలం వెలుపలి నుంచి వచ్చే ప్రోటాన్లు. సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో నిరంతరం వీచే సౌరపవనం తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని కూడా గ్రహాలన్నిటినీ దాటించి మోసుకుపోతుంది కాబట్టి, బయటి నుంచి వచ్చే కణం మహేంద్రతనయ వరదలో ఎదురీదే మనిషిలా అవస్థపడుతూ, దారి తప్పుతూ, శక్తి కోల్పోతూ లోపలికి రావాలి. మచ్చలు ఎక్కువై సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో ఆ క్షేత్రం మరింత బలపడి, చిక్కులు పడి ఉంటుంది. తక్కువ శక్తి గల కణాల్లో చాలావరకు ఇక్కడిదాకా రాలేవు. 2012 ఆగస్టులో అమెరికా అంతరిక్ష నౌక వాయేజర్-1 సూర్యుడికి సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరాన ఈ పవనం ఏలుబడి దాటి బయటపడగానే, దాని పరికరాల్లో కాస్మిక్ కిరణాల లెక్క ఒక్కసారిగా పెరగడం ఈ వివరణకు తిరుగులేని సాక్ష్యం.

అమెరికా శాస్త్రవేత్త స్కాట్ ఫోర్‌బుష్ 1937 నుంచి 1952 వరకు సేకరించిన కొలతలతో ఈ విలోమ సంబంధాన్ని 1954లో నిరూపించారు. సౌర విస్ఫోటాలు భూమి వైపు విసిరిన ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) మేఘం మనల్ని దాటేటప్పుడు కాస్మిక్ కిరణాలు కొన్ని గంటల్లోనే పడిపోయి, కొన్ని రోజులకు గానీ కోలుకోకపోవడాన్ని ఆయన పేరుతోనే ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. సూర్యుడు కూడా అప్పుడప్పుడు స్వయంగా కణాలను చిమ్ముతాడు. అయితే వాటిలో నేల మీది పరికరాలకు తెలిసేంత శక్తి గలవి అరుదు.

పదకొండేళ్ల సౌరచక్రంలో ఈ హెచ్చుతగ్గులు ధ్రువాల దగ్గరి న్యూట్రాన్ మానిటర్లలో (కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రాన్లను లెక్కించే పరికరాల్లో) 15 నుంచి 20 శాతం వరకు కనిపిస్తాయి. పర్లాకిమిడిలో అంత మార్పు ఉండదు. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కనుక, ఇక్కడ భూమి అయస్కాంత కవచాన్ని ఛేదించి నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 15 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉండాలి. అంత శక్తి ఉన్నదాన్ని సౌరపవనం పెద్దగా కదిలించలేదు. ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది కూడా. 2015 జూన్ 22న అయస్కాంత తుపాను భూకవచాన్ని కాసేపు బలహీనపరచగా, ఊటీలోని గ్రేప్స్-3 మ్యూయాన్ దూరదర్శిని సుమారు రెండు గంటలపాటు కాస్మిక్ కిరణాల పెరుగుదలనే నమోదు చేసింది.

మహేంద్రగిరి గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. 1,501 మీటర్ల ఆ శిఖరం మీద తలపైన గాలి పొర పలచబడుతుంది కాబట్టి, మ్యూయాన్లు కొద్దిగానే పెరిగినా, కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు మీ ఊళ్లోకంటే రెండు రెట్లకు మించి ఉంటాయి. అంటే మీ ప్రాంతంలో సూర్యుడు పదకొండేళ్లలో తెచ్చే మార్పుకంటే ఆ కొండ ఎక్కితే వచ్చే మార్పే ఎక్కువ. అంతమాత్రాన కొండెక్కడానికి జంకవలసిన పని లేదు.

తరగతిలో చూపదలిస్తే, ఫిన్లండ్‌లోని ఊలు కేంద్రం న్యూట్రాన్ మానిటర్ లెక్కలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సౌర తుపాను వల్ల లదాఖ్‌లోని హాన్లేలో సైతం ఎర్రని ధ్రువకాంతి (మామూలుగా ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే వెలుగు) కెమెరాకు చిక్కిన 2024 మే 10, 11 తేదీల దగ్గర ఆ లెక్కల గ్రాఫు గీత ఎలా పడిపోయిందో పిల్లలచేత కొలిపించండి.